అన్నీ ఆటోమేటిక్, అత్తమ్మా!

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమని తేలినా సరే, భివండీ నడిబజార్ల కూసుండి మీసం గొరిగించుకుంట. ఇంత పంతం ఎందుకంటే, ఈ సంగతి తలుచుకుంటే కళకే కాదు, విన్నవాళ్ళకు కూడా ఒళ్ళు మండుతుంది.

కళ మహారాష్ట్రలోని ఆ భివండీలోనే, శాంతి నగర్‌లో భూషణ్ సేఠ్ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో సేల్స్ పిల్ల. ఆమెను పనిలో పెట్టుకున్నదే తెలుగొస్తుందని. వలస వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే మన తెలుగువాళ్ళు ఎవరు గడప తొక్కినా సేఠ్ వేలు కళ వైపు తిరుగుతుంది. వాళ్ళకు కంపెనీ పేర్లతో పనిలేదు. "మన పిల్ల చెప్పింది" అంటే చాలు, కొనేస్తారు.

మరి ఆ పిల్లకు చెప్పిందెవరు? థానే నుంచి కంపెనీ పంపిన ట్రైనర్, రూపేష్ సార్. వచ్చాడు, గోడ మీద సినిమా వేశాడు, సమోసాలు పెట్టించాడు. బట్టలుతికే మిషనుకు చుట్టిన ప్లాస్టిక్ కాగితమైనా విప్పలేదు. "ఒక్కసారి నడిపి చూపెట్టండి సార్" అని కళ అడిగితే నవ్వాడు.

"అరే, అమ్మేది నువ్వు, ఉతికేది వాళ్ళు! ఏదడిగినా నవ్వి 'ఆటోమేటిక్' అను. తెలియదనే మాట మాత్రం నోట్లోంచి రాకూడదు."

ఆ పాఠం ఇంకా చెవుల్లో ఉండగానే ఓదెమ్మ వచ్చింది. గైబీ నగర్‌లో ఉండే ఓదెమ్మ కళకు వరసకు అత్త, మొగుడు గాలయ్యది సాంచాల పని. ముందర గుండ్రటి అద్దం తలుపున్న మిషను మీద ఆమె మనసు పడింది.

"పిల్లా, గిండ్ల నీళ్ళు యాడికెళ్ళి పోస్తరే?"

తెల్వదన్న మాట కళ గొంతు దాకా వచ్చింది. సేఠ్ ఇటే చూస్తున్నాడు. కళ నవ్వింది.

"అన్నీ ఆటోమేటిక్, అత్తమ్మా!"

ఓదెమ్మ ఉండే ఒంటిగది ఖోలీలో నల్లా లేదు. గల్లీలో నీళ్ళొచ్చినప్పుడు డ్రమ్ములో పట్టుకోవాల్సిందే. కళ ఇంట్లోనూ అంతే. కానీ ఆ మిషను పైపుతో నల్లాకు బిగిస్తే తప్ప నీళ్ళు తాగదని ఆ పిల్లకు ఎవరు చెప్పారు గనక! బిగించే మనిషి వచ్చేదాకా ముట్టొద్దని ఓదెమ్మకు మాత్రం ఎవరు చెప్పారు?

మిషను ఇంటికి చేరగానే, దసరాకు సాంచాలకు చేసినట్టే దానికి పసుపు కుంకుమ పెట్టి, గల్లీ అందర్నీ పిలిచి కొబ్బరికాయ కొట్టారు. ఓదెమ్మ అద్దం తలుపు తీసి, బట్టలేసి, బిందెతో నీళ్ళు పోసింది. పోసినవి పోసినట్టే బయటికొచ్చాయి.

"ఇంకిన్ని పొయ్యి, దాని కడుపు నిండలేదేమో" అన్నాడు గాలయ్య.

పోసింది. డ్రమ్ము అడుగంటింది. ఆ వరదకు గాలయ్య చెప్పులు కొట్టుకుపోయి ఊరి చివర టెంఘర్‌లో తేలాయంటే ఎన్ని నీళ్ళో మీరే చూసుకోండి. గల్లీ ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు.

తెల్లారి ఓదెమ్మ తడి దుప్పటి భుజాన వేసుకొని దుకాణంలోకి దూసుకొచ్చింది. ఆ రోజు రూపేష్ సార్ కూడా అక్కడే ఉన్నాడు.

"ఏందే పిల్లా! గల్లీ ముందల నా ఇజ్జత్ తీసినవ్ గదనే! నేను కంపెనీని నమ్మిన్నా? నీ మాట నమ్మిన!"

కళకు చెంప మీద కొట్టినట్టయింది. సేఠ్ మాత్రం తల ఎత్తకుండానే అన్నాడు: "కొబ్బరినీళ్ళు పడ్డ మాల్ వాపస్ లేదు. ఆమెకు వాడటం రాదు."

అప్పుడు లేచింది కళ గొంతు. హిందీలోనే అరిచిందిలెండి, మన మాటల్లో చెప్తున్నా.

"రానిది ఆమెకు కాదు సేఠ్, నాకు! నాకెవరు నేర్పిన్రు? మా నాయన కొత్తోనికి సాంచా అప్పజెప్పాలంటే ముందుగల పక్కన నిలబెట్టుకుంటడు. తెగిన పోగు వాడు ముడేసేదాక సాంచా ఇయ్యడు. బట్ట చెడితే నేర్పినోని పేరే చెడుతది మా దగ్గర. మీరు సమోస పెట్టి నవ్వుడు నేర్పిన్రు, పేరేమో నాది చెడగొట్టిన్రు!"

చరచరా పోయి బకెట్ నిండా నీళ్ళు తెచ్చింది. చూపుకు పెట్టిన మిషను ప్లాస్టిక్ కాగితం పర్రున చింపింది.

"రండి సార్. ఇగో అత్తమ్మ దుప్పటి, ఇగో డ్రమ్ము నీళ్ళసొంటి నీళ్ళు. మీరు ఉతికితే ఆమె మిషను ఆమెకే. ఉతకకుంటే వాపస్ తీసుకోవాలె."

రూపేష్ బటన్ నొక్కాడు. మిషను కూత పెట్టింది. ముందు చూశాడు, వెనక చూశాడు. అందరూ తననే చూస్తుంటే ఏం చేస్తాడు, బకెట్ ఎత్తి అచ్చం ఓదెమ్మ లాగే అద్దం తలుపులోంచి పోశాడు. నీళ్ళన్నీ బూట్లలోకి.

"ఇంకిన్ని పొయ్యి బిడ్డా, దాని కడుపు నిండలేదేమో!" అంది ఓదెమ్మ.

దుకాణమంతా నవ్వింది. కళ నవ్వలేదు.

"మీరు గూడ నడిపి చూడలేదా సార్?"

"నాకూ సినిమానే చూపించారు" అని గొణిగాడు రూపేష్.

"మరి తెల్వదని ఒక్కరన్నా ఎందుకనలేదు! నాకెందుకు అననియ్యలేదు!"

నీళ్ళు టీవీల వైర్ల వైపు పారుతుంటే సేఠ్ ఎగిరి లేచాడు. "మారుస్తా, మారుస్తా! ముందు ఆ నీళ్ళు తుడవండి!"

మార్చి ఇచ్చింది చేత్తో నీళ్ళు పోసే రెండు తొట్ల మిషను. కళ దాన్ని అలాగే ఇచ్చి పంపనివ్వలేదు. ఓదెమ్మను పక్కన నిలబెట్టుకొని, దుప్పటి తానే ఉతికి, పిండి, చేతిలో పెట్టింది.

"ఇది నాకెరుక అత్తమ్మా. దీని మీద నా మాట నమ్ము."

"మరి కడమ మిషన్లు?"

"తెల్వదు" అంది కళ, సేఠ్‌కు వినబడేలా.

ఇక గాలయ్య చెప్పుల సంగతి. అవి టెంఘర్ దాకా పోలేదు, గడప దాటలేదు కూడా. అదొక్కటే నేను కల్పించింది. మీసం గొరిగించుకోమంటారా? నాకసలు మీసమే లేదు.