గేటు రంగు పడవ

“కాలెత్తి దాటితే పోయేదానికి పొద్దున్నుంచీ ఇంత రాద్ధాంతమా?” అన్నారు మావారు, పేపరు దించకుండానే.

“మీరు ఒక్కసారి దాటి కుర్చీలో కూర్చున్నారు. నేను లేచిందగ్గర్నుంచీ దాటుతూనే ఉన్నాను. ఆ కాఫీ దానంతటదే నడిచొచ్చి మీ చేతిలో కూర్చుందనుకున్నారా?”

“ఎండలో పెడితే వంకరపోతుంది వదినా,” అన్నాడు మరిది, ఫోనులోంచి తలెత్తి. “వీడియోలో చెప్పాడు.”

“ఇన్నేళ్లూ షెడ్డులో దానిమీద పాత సైకిలూ, విరిగిన మంచమూ పడేసినప్పుడు వంకరపోలేదు. ఇప్పుడు కాసేపు ఎండ తగిలితే పోతుందా?”

జవాబు లేనప్పుడు మా ఇంట్లో మగవాళ్లు అమ్మవైపు చూస్తారు.

“పోనీలేవే, వాళ్ల పని జరగనీ,” అంది అత్తగారు బఠాణీలు ఒలుస్తూ.

గొడవంతా తెరచాప కట్టే గెడ గురించి. అల్యూమినియంది. ముందుగదిలో సోఫా వెనక మొదలై, నడవా అంతా సాగి, వంటింట్లో ఫ్రిజ్ పక్కన తేలుతుంది. ముందురోజు ఆ కొసకి నేను చేతిగుడ్డ ఆరేస్తే, “అది దండెం కాదు!” అని ఇల్లెగిరిపోయేలా అరిచారు. ఇంట్లో ఇంత కాలంగా నేనున్నాను, నా గురించి ఎవరూ అంత గట్టిగా అరిచి ఎరగరు.

గెడ ఇంట్లో ఉంటే, పడవ పెరట్లో రెండు బల్లల మీద ఉంది. ఇద్దరు పట్టే చిన్న ఫైబరు పడవ. అది మా ఆడపడుచుది. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా నీళ్లలోనే ఉండేదని ఇంట్లో ఆమెను ‘చేప’ అంటారు. మామగారు బతికున్న రోజుల్లో ఆమె కోసమే కొన్నారు. తర్వాత ఉద్యోగాలు ఆమెను ఊళ్లు తిప్పాయి. “మీ షెడ్డులో ఉంచు అన్నయ్యా, నాకు చోటు దొరగ్గానే పట్టుకెళ్తాను,” అని అప్పగించింది. ఎలా దాచాలో కూడా చెప్పిందట. ఈయన తల ఊపారట. మావారి తల ఊపడం గురించి నాకు బాగా తెలుసు. ఫ్యాను తిరిగినట్టే, గాలి తప్ప మరేమీ రాదు.

ఆ తర్వాత ఒక్కసారైనా పైన కప్పిన పట్టా ఎత్తి పడవను చూసిన పాపాన పోలేదు. పోయిన నెలలో చేప ఫోన్ చేసింది. పెద్ద చెరువు ఒడ్డున ఉన్న ఒక క్లబ్బులో పిల్లలకి తెరచాప పడవ నడపడం నేర్పే పని దొరికిందట. సొంత పడవతో వచ్చేవాళ్లనే తీసుకుంటారట.

“వచ్చే నెలాఖరుకి బండి తెచ్చి తీసుకెళ్తాను అన్నయ్యా. ఎలా ఉన్నా ఫరవాలేదు, నేను బాగుచేసుకుంటాను. ఈ పని నాకు చాలా ముఖ్యం.”

ఫోన్ పెట్టేసిన సాయంత్రమే మావారికి పడవ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

“నాన్న కొన్న పడవ. ఇంటి పడవ. ఎవరి పిల్లలో ఎక్కి తొక్కడానికా? మనమే బాగుచేసి మన చెరువులో దింపుదాం,” అన్నారు. మర్నాడు తెల్లటి టోపీ ఒకటి కొనుక్కొచ్చారు. ఈయనకి ఈత రాదు. నడుంలోతు నీళ్లలో నిలబడితే పక్కవాళ్ల భుజం పట్టుకుంటారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది అన్నాను. “నువ్వెప్పుడూ ఇంతే, మనిషిని ముందుకెళ్లనివ్వవు,” అన్నారు.

పట్టా తీసిన రోజు చూడాలి. లోపల ఆకులు కుళ్లి నల్లటి ముద్దయ్యాయి. చుక్కాని పక్కన ఎలుక గూడు. మడతపెట్టిన తెరచాప విప్పితే బూజు మచ్చలు. ఆ ముద్దంతా చేత్తో ఎత్తి బకెట్లలో పోసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అన్నదమ్ములు నీడలో కుర్చీలు వేసుకుని ‘ప్లాను’ వేస్తున్నారు.

నేను సబ్బునీళ్లతో, మెత్తటి గుడ్డతో ఒక మూల రుద్దాను. కింద తెల్లగా, నున్నగా బయటపడింది. పాత పింగాణీ పళ్లెంలాగా బాగుంది. అది చూసి మావారికి ఊపొచ్చింది. “ఇలా గుడ్డతో రుద్దితే వచ్చే ఏడాదికి అవుతుంది,” అని వంటింట్లోంచి గిన్నెలు తోమే స్టీలు పీచు తెచ్చి తోమడం మొదలుపెట్టారు. మాడిన గిన్నెను ఎప్పుడూ తోమని మనిషికి ఎక్కడ పీచు వాడాలో, ఎక్కడ వాడకూడదో ఎలా తెలుస్తుంది? సాయంత్రానికి పడవకి పిల్లి రక్కినట్టు గీతలు పడ్డాయి. ఆ గీతలు కనబడకుండా రంగు వేయాలన్నారు. కిందటేడు గేటుకి వేయగా మిగిలిన నీలం డబ్బా దొరికింది.

రంగుకి ముందు ఇంకో సంగతి జరిగింది. వెనకవైపు అడుగున బొటనవేలు పట్టేంత కన్నం బయటపడింది. చుట్టూ ఎండిన రబ్బరు పొడి.

“అమ్మా, నీ కూతురి నిర్వాకం చూడు,” అని వసారాలో కూర్చున్న అత్తగారికి వినబడేలా అరిచారు. “ఏ రాయికో గుద్దేసింది. గుద్దేసి, నోరు మెదపకుండా మన షెడ్డులో పడేసి పోయింది. మళ్లీ దాని చేతికిస్తే అదీ మునుగుతుంది, పడవనీ ముంచుతుంది.”

“అది చిన్నప్పట్నుంచీ దూకుడే,” అంది అత్తగారు. కళ్లజోడు పెట్టుకోలేదు, కుర్చీలోంచి లేవలేదు.

రాయికి గుద్దితే కంపాసు పెట్టి గీసినట్టు అంత గుండ్రంగా పడుతుందా అని అడిగాను.

“పడవల గురించి నీకేం తెలుసు?”

నాకు తెలీదు, నిజమే. ఆయనకీ తెలీదు. కానీ ఆయనకి టోపీ ఉంది.

ఆ రోజు నుంచీ ఇంట్లో చేప మాట ఎప్పుడొచ్చినా కన్నం మాట కూడా వచ్చేది. పడవ ఆమెకి ఎందుకివ్వకూడదు అంటే, కన్నం. మరిది పుట్టీ కలిపి, కుక్కి, ఆరాక ఉప్పుకాగితంతో నున్నగా అరగదీశాడు. ముందుభాగంలో, లోపలివైపు గోడకి గుండ్రటి మూత ఒకటుంది. “ఇదేంట్రా?” అని అన్నగారడిగితే, “డిజైను,” అన్నాడు. దాని మీద కూడా రెండు పూతలు నీలం పడింది.

పడవని బల్లల మీద కొంచెం జరపడానికి పక్కింటివాళ్లని కూడా పిలవాల్సి వచ్చింది.

“అప్పట్లో మీ నాన్నా చేపా ఇద్దరే మోసుకొచ్చేవారు కదరా,” అంది అత్తగారు.

“రంగు బరువమ్మా,” అన్నారు మావారు. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. తెలీని విషయాల్లో ఆయన ఎప్పుడూ తడుముకోరు.

చేప నెలాఖరు దాకా ఆగలేదు. ఒక మధ్యాహ్నం వెనక బండి తగిలించుకున్న కారు మా గేటు ముందు ఆగింది. ఈ ఆడపడుచుని నేను నెత్తిన పెట్టుకున్నది కూడా ఏమీ లేదు. వచ్చినప్పుడల్లా తడి చెప్పులతో ఇల్లంతా తిరుగుతుంది, తిన్న పళ్లెం ఎక్కడిదక్కడే వదిలేస్తుంది. ఈసారి మాత్రం లోపలికి రాకుండా నేరుగా పెరట్లోకి వెళ్లింది.

చాలాసేపు చూసి, “వదినా, ఇది నా పడవేనా, మీ గేటు విప్పి పడుకోబెట్టారా?” అంది.

మావారు టోపీ పెట్టుకుని వచ్చారు. “గుర్తుపట్టలేదు కదూ?”

“పట్టలేదన్నయ్యా.”

“మరి! నెల రోజులు రెక్కలు ముక్కలు చేసుకున్నాం. అందుకే చెబుతున్నా, నువ్వక్కడ ఇంకోటి చూసుకో చేపా. ఇది ఇంట్లోనే ఉండనీ. ఎలాగూ గుద్దేసి తెచ్చిచ్చావు.”

“గుద్దేశానా? ఎప్పుడు?”

“వెనక కన్నం. అమ్మ కూడా చూసింది.”

చేప మొహం ఎర్రబడింది. పడవ పక్కన వంగి వేలి కణుపులతో కొట్టుకుంటూ వెళ్లింది. వెనకవైపు టకటకమని మోగింది. ముందుకొచ్చేసరికి తడిసిన బస్తాని కొట్టినట్టు శబ్దం చచ్చిపోయింది. పైన ఒక చీలికలోకి గోరు పెట్టి చూసింది. విరిగిన మంచం కోడు పట్టాని చింపుకుని సరిగ్గా అక్కడే ఆనుకుని ఉండేది.

“వదినా, ఒక కత్తి ఇవ్వవా?”

“ఎవర్ని పొడుస్తావ్?” అన్నాడు మరిది నవ్వుతూ.

కూరగాయల కత్తి తెచ్చిచ్చాను. ‘డిజైను’ చుట్టూ రంగుని కోసి, రెండు చేతులా పట్టి తిప్పింది. మొదట కదల్లేదు. తర్వాత కీచుమంది. ఆపైన బుడబుడమంటూ నల్లటి నీళ్లు పడవ లోపలికి దూకాయి. ఆ కంపు చెప్పలేను, ముక్కు మూసుకుంటే నోట్లోకి వస్తోంది. షెడ్డు రేకుల్లోంచి ఇన్నేళ్లూ కారిన వానంతా చీలికలోంచి దిగి మూత వెనక ఉన్న డొల్లలో కాపరం పెట్టినట్టుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో పెరట్లో కళ్లారా చూశాను.

“వెనక బిరడా తియ్యి అన్నయ్యా, పోతాయి!” అని అరిచింది చేప.

“బిరడానా? ఏ బిరడా?”

“నీళ్లు పోయే కన్నానికి ఉంటుందే, అది!”

మావారు మరిదివైపు చూశారు. మరిది తన చెప్పులవైపు చూసుకున్నాడు.

“పూడ్చేశాం,” అన్నారు మావారు.

నీళ్లు వెళ్లే దారి లేక పడవ స్నానాల తొట్టిలా నిండుతోంది. అన్నదమ్ములిద్దరూ మగ్గులు పట్టుకుని తోడసాగారు. పడవలో నీళ్లు ఉండటం, మనుషులు బయట ఉండటం నేనదే మొదటిసారి చూడటం. తోడుతుండగా టోపీ అందులో పడింది. నేను తీయలేదు.

కంపుకి అత్తగారు కూడా లేచి, ఈసారి కళ్లజోడు పెట్టుకుని వచ్చింది. పడవ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లింది. పుట్టీ మీద నీలం రంగు కొంచెం ఉబ్బి ఉంది. దాన్ని వేలితో తడిమింది.

“ఇక్కడేనా కన్నం?”

“అవునమ్మా,” అన్నారు మావారు మగ్గు ఆపకుండా.

“ఒరేయ్, ఇది గుద్దితే పడింది కాదు. దీంట్లోంచే కదా నీళ్లు జారేవి! చెరువునుంచి తెచ్చిన ప్రతిసారీ కడిగిన వాకిలంతా బురద చేసేది. ఎన్నిసార్లు తిట్టాను దీన్ని!”

“పడవ చేసినవాళ్లు పెట్టిన కన్నమే అమ్మా,” అంది చేప. “దాచేటప్పుడు బిరడా తీసుంచు, ఈ మూత తెరిచుంచు, ముందుభాగం కొంచెం ఎత్తి పెట్టు అని అన్నయ్యకి చెప్పాను. చూపించాను కూడా.”

“నువ్వు చెప్పింది నాకు గుర్తుంటే కదా,” అన్నారు మావారు. “కన్నం కనబడింది, గుద్దిందనుకున్నాను. తప్పేముంది?”

“తెలీకపోతే తెలీదనాలి. తెలీనిదంతా చెల్లెలి నెత్తిన రుద్దుతావా?” అని అత్తగారు లోపలికి వెళ్లిపోయింది.

ఎవరైనా అక్కడితో ఊరుకుంటారు. మావారు ఊరుకోలేదు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ మళ్లీ అందుకున్నారు. “ఏమైనా సరే, ఇన్నాళ్లు ఉన్నది నా షెడ్డులో. చాకిరీ నాది.”

చేప అరుగు మీద కూర్చుని గోళ్లలోంచి నీలం రంగు తీసుకుంటోంది. ఏడ్చినట్టు కళ్లు చూస్తే తెలుస్తోంది, కానీ మాట తొణకలేదు.

“సరే అన్నయ్యా, నువ్వు నడుపుతానంటే నీదే. రేపు ఆ పుట్టీ తవ్వేసి, చీలిక అతికించి, చెరువులో దింపుదాం. నువ్వొక్కడివే ఎక్కు. ఒక చుట్టు తిరిగి ఒడ్డుకి తీసుకురా. నేను క్లబ్బువాళ్లకి రానని చెప్పేస్తాను.”

“రేపా? రేపు నాకు పనుంది.”

“ఎల్లుండి?”

“చూద్దాంలే. గాలి కూడా కలిసి రావాలి కదా.”

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట ఒకడు. వాడే నయం, కనీసం చెట్టెక్కాడు. అత్తగారు తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నది.

రాత్రి అందరం భోజనాలకి కూర్చున్నాం. మావారు అమ్మ పక్కన, మరిది ఆయన పక్కన, చేప నా పక్కన. కంపు ఇంకా ఉంది. అత్తగారు రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది. ఆవిడ గొంతు పెంచలేదు. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా చెప్పింది.

“పడవ చేపది. మీ నాన్న దానికోసం కొన్నాడు, అది తీసుకెళ్తుంది. క్లబ్బువాళ్లకి పడవతోనే వస్తున్నానని అది పొద్దున్నే చెప్పేస్తుంది.”

మావారు తలెత్తారు. “అమ్మా, నేను—”

“ఇంకా అవలేదు. రేపట్నుంచి ఆ రంగు నువ్వూ నీ తమ్ముడూ గీకుతారు. ఎలా గీకాలో అది పక్కన నిలబడి చెబుతుంది. అది చాలనేదాకా గీకాలి. కోడలు సాయానికి పెరట్లోకి రాదు. అన్నాళ్లూ చేప నా గదిలో ఉంటుంది.”

ఒకరి తర్వాత ఒకరి మొహం చూసి, అందరూ విన్నారని తేలాక, మూడో ముద్ద కలుపుకుంది.