పదమూడో నంబరు స్పానరు

పిల్ల కాదు పిడుగు అని ఎవరో అన్న మాట ఆమెకు మూడో ఏట అంటుకుంది. ముప్పయ్యో ఏట కూడా వదల్లేదు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మేనేజరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె పిడుగే.

ఆ రోజు ఉదయం పిడుగు ఒక తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు సర్వీసింగు ముగించి, రిజిస్టరులో సంతకం పెట్టి, రెండో చోటికి వెళ్లింది. అక్కడ సంచి విప్పింది. స్పానర్ల కోసం వరసగా కుట్టిన జేబుల్లో ఒకటి, ముందుపన్ను ఊడిన నోరులా, బోసిగా ఉంది. పదమూడో నంబరు స్పానరు లేదు.

లిఫ్టు పెట్టె పైకప్పు మీద మోకాళ్లపై కూర్చుని పనిచేసింది తనే. అక్కడే వదిలేసి ఉంటే? అది జారి గోడకీ పెట్టెకీ మధ్య ఇరుక్కుంటే? వెంటనే ఫోన్ చేసి లిఫ్టు ఆపించింది.

తోటి మెకానిక్కు ఆమెకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. ఆమె అతన్ని బాబాయ్ అంటుంది. వ్యాను వెనక్కి తిప్పుతూ అతను అన్నాడు:

"ఇంకోసారి చెక్ చేద్దామని వచ్చాం అని చెప్పు తల్లీ, సరిపోతుంది. నిజం చెప్పి నెత్తి మీదికి తెచ్చుకోకు."

"అలా చెప్పడం నాకు రాదు బాబాయ్."

గొప్పకు అన్న మాట కాదది. కొందరికి ఈత రానట్టే ఆమెకు నిజంగానే రాదు. ఆ రాకపోవడం వెనక ఒక నీలం మఖమల్ గుడ్డ ఉంది.

ఆమె తండ్రి దర్జీ, తల్లి బస్సు డ్రైవరు. ఏడేళ్లప్పుడు పిడుగు ఎవరిదో ఖరీదైన మఖమల్ గుడ్డ నడిమధ్య కత్తిరించి, బొమ్మకు గౌను కుట్టింది. కుట్టాక గానీ చేసిందేమిటో తెలిసిరాలేదు. గౌనును మంచం కింద దాచింది. రెండు రోజులు ముద్ద దిగలేదు.

"కడుపులో ఏదో దాచావు, అందుకే తిండికి చోటు లేదు. బయటికి తియ్యి," అంది తల్లి.

పిడుగు వెక్కుతూ గౌను తెచ్చి ఇచ్చింది. తండ్రి ఆ గుడ్డను తిప్పి తిప్పి చూశాడు. తరవాత గౌనును వెలుతురుకేసి పట్టి, "కుట్టు మాత్రం వంకర పోలేదే!" అన్నాడు. తల్లికి నవ్వు ఆగలేదు. కానీ మర్నాడు ఇద్దరూ పిల్లను ఆ గుడ్డ తాలూకు సంగీతం టీచరు ఇంటికి తీసుకెళ్లారు. చెప్పాల్సింది పిడుగే చెప్పింది. తండ్రి వెనకే నిలబడ్డాడు, ఆయన చెయ్యి ఆమె భుజం మీదే ఉంది. టీచరు మండిపడింది. చివరికి ఆవిడ కుట్టమన్న పొడుగు కోటు కాస్తా పొట్టి జాకెట్టయింది. తిరిగి వస్తూ తల్లి పిల్లను బస్సు డిపోకు తీసుకెళ్లి, ఆగి ఉన్న బస్సులో తన సీట్లో కూర్చోబెట్టి, హారన్ మోగించుకోమంది. పిడుగు చెవులు చిల్లులు పడేలా మోగించింది. తప్పు ఒప్పుకుంటే ముందు వణుకు పుడుతుంది, తరవాత హారన్ మోగుతుంది అని ఆ పిల్ల లెక్క తేల్చుకుంది.

భవనం కింద జనం పోగయ్యారు. ఎనిమిదో అంతస్తులోకి కొత్తగా కాపురం దిగుతున్న భార్యాభర్తలు బీరువా, మంచాలు, పరుపులు చుట్టూ పేర్చుకుని నిలబడ్డారు. ఆరో అంతస్తు మాస్టారు కూరల సంచితో ఉడికిపోతున్నారు.

"తప్పు నాదేనండీ. స్పానరు పైన మర్చిపోయాననుకుంటున్నా. వెతికి తీశాకే లిఫ్టు నడుపుతాను," అంది పిడుగు.

"ఇదేం పనమ్మా! నా మోకాళ్లు నువ్విస్తావా?" అన్నారు మాస్టారు.

మోకాళ్లు ఇవ్వలేక, ఆ కూరల సంచి ఆరంతస్తులూ మోసింది. తరవాత పైకప్పంతా తడిమింది. లిఫ్టు అడుగున ఉండే గోతిలోకి దిగి టార్చి వేసి చూసింది. గంట గడిచింది. బూజు దొరికింది, ఎవరిదో దువ్వెన దొరికింది, స్పానరు మాత్రం లేదు. అప్పుడు తండ్రి ఫోన్ చేశాడు.

"అమ్మడూ, నా మిషను కింద నీ ఇనప సామాను ఒకటుందే. నిన్న దీని కాలు బిగించి ఇక్కడే పడేశావు. పదమూడని రాసుంది."

పిడుగు గోతిలోనే చతికిలపడింది. బాబాయ్ వంగి గుసగుసగా అన్నాడు: "ఇదిగో నా స్పానరు. దొరికిందని చూపించెయ్. మొదటి తప్పు క్షమిస్తారేమో గానీ, ఇది చెబితే పచ్చడి కింద నూరేస్తారు!"

ఒక్క క్షణం ఆమె చెయ్యి చాచింది కూడా. మళ్లీ వెనక్కి తీసుకుని, చేతులు తుడుచుకుంటూ పైకి ఎక్కింది.

"అందరూ వినండి. స్పానరు మా ఇంట్లో ఉందట. అసలు ఇక్కడికి తేనేలేదు. మిమ్మల్ని ఊరికే నిలబెట్టాను."

మాస్టారు నోరు తెరిచారు. అంతలో కొత్తగా దిగే ఆవిడ పక్కున నవ్వింది. నవ్వి నవ్వి పరుపు మీద కూలబడింది.

"నేనూ చెప్పేస్తాను! కొత్తింటి తాళాలు పాత ఇంట్లోనే మర్చిపోయి వచ్చా. పొద్దుట్నుంచి మీతో చెప్పడానికి భయమేసింది," అంది భర్తతో.

ఆయన బీరువా వంక, లిఫ్టు వంక, భార్య వంక చూశాడు. "అంటే లిఫ్టు నడిచినా మనం పైన వరండాలోనే కాపురం పెట్టేవాళ్లమా?"

మాస్టారికి కూడా నవ్వొచ్చింది. సాయంత్రమయ్యేసరికి సామానంతా పైకి చేరింది. మంచం ఒక కొస పిడుగే పట్టింది.

తిరుగుదారిలో బాబాయ్ ఉన్నట్టుండి వ్యాను సందులోకి తిప్పాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"పోయిన వారం ఈ ఆఫీసులో లిఫ్టు అద్దం నా చేతిలోనే పగిలింది. ముందే పగిలుందని చెప్పా." అతను చొక్కా సర్దుకుని లోపలికి వెళ్లాడు. పావుగంటకు చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. "బాగా తిట్టారే!" అన్నాడు, బహుమతి అందుకున్నవాడిలా.

ఇంట్లో ఈ కథంతా విని తండ్రి సూదిలో దారం ఎక్కించలేనంతగా నవ్వాడు. తల్లి మాత్రం ఆదుర్దాగా అడిగింది:

"ఇంతకీ ఆ అమ్మాయికి తాళాలు దొరికాయా?"

"దొరికాయమ్మా. పాత ఇంటి వంటగది గూట్లో ఉన్నాయట. మాస్టారు వాళ్లను తాళాలొచ్చేదాకా తమ ఇంట్లో కూర్చోబెట్టారు."

"హమ్మయ్య," అని తల్లి ఆమె కంచం ముందుకు జరిపింది.