మూసిన తలుపు వెనుక అలసంద జావ

ఎస్నాతి తలుపు మూసింది. చప్పుడు కాకూడదని అంచు పట్టుకొని మెల్లగా నెట్టింది. అయినా కీలు మూలిగింది. ఆ మూలుగు ముంగిలి దాటి, మిరప మడి దాటి, ఆడబిడ్డ తమందా రోటి దాకా వెళ్లింది. అక్కడ రోకలి ఆగింది.

"ఓహో, పట్టపగలు తలుపేశారే! లోపల మేకను గానీ కోశారా వదినా?"

ఎస్నాతి గోడకు ఆనుకుంది. కొడుకు యాంఖోను ఒళ్లో కూర్చోబెట్టుకొని, గిన్నెలోని జావను ఊదింది. మొక్కజొన్న పిండిలో వేయించిన అలసంద పిండి కలిపి కాచిన జావ అది. చీకటి గదిలో దాని కమ్మని వాసన ఒక్కటే చుట్టంలా తోడుంది.

చిల్వా సరస్సు ఒడ్డున వంట ముంగిట్లోనే చేస్తారు. కుండ దింపే వేళకు దగ్గర నిలబడిన బిడ్డ ఎవరి బిడ్డ అయినా, పళ్లెంలో చెయ్యి పెట్టవచ్చు. తలుపేసుకొని తినేవాళ్ల గురించి జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. వాళ్ల కుండలో ఏముందో ఎవరికి తెలుసు అంటారు. ఎస్నాతి కూడా చిన్నప్పుడు అలా అన్నదే.

కాని యాంఖో ఎదగలేదు. నడక వచ్చిన వయసులో నడక మానేశాడు. వాన పడితే చాలు, విరేచనాలు. జుట్టు కంకి పీచులా ఎర్రబారింది, పొట్ట ఉబ్బింది, కాళ్లు సన్నబడ్డాయి. ఆరోగ్య కేంద్రంలో ఎత్తు కొలిచే బల్ల మీద పడుకోబెట్టినప్పుడల్లా మడమ పాత గీత దగ్గరే ఆగిపోయేది. చివరికి ఆరోగ్య కార్యకర్త మెర్సీ అలసంద పిండి సంచి చేతిలో పెట్టింది.

"ఉట్టి మొక్కజొన్నతో వీడి పేగు కోలుకోదు అక్కా. తిన్నది ఒంటికి పట్టాలంటే రోజూ ఇది పడాలి. కానీ ఇది వీడి వంతు. పంచావో, ఎవరికీ చాలదు."

"మిగతా పిల్లలు చూస్తూ ఉంటారమ్మా..."

"వచ్చిందే ఇంత. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

మొదటిరోజు ఎస్నాతి ముంగిట్లోనే కాచింది. తమందా పిల్లల చేతులు వచ్చాయి, పక్కింటి పిల్లల చేతులు వచ్చాయి. అందరూ తిన్నాక యాంఖో ఒక్క వేలు నాకుతూ మిగిలాడు. మర్నాటి నుంచి తలుపు పడింది.

సొంత ఊళ్లో అయితే అక్కచెల్లెళ్లకు సంగతి చెప్పుకొనేది. అక్కడి ఆచారం ప్రకారం పెళ్లయ్యాక మగవాడే ఆలి ఊరికి వెళ్లాలి. ఎస్నాతి అందుకు ఎదురు నడిచి భర్త ఫుంబానీ ఊరికి వచ్చింది. అతడేమో సరస్సులో రెల్లు తెప్పల మీద గుడిసె వేసుకొని, చేపలు దొరికినన్నాళ్లు నీళ్ల మీదే ఉంటాడు. ఒడ్డున ఆమె ఉంది. ఊరు ఉంది. మధ్యలో తలుపు ఉంది.

ఒకనాడు అత్త నబండా వచ్చి గుమ్మం పక్కన చాప మీద కూర్చుంది.

"నాకు కోపం లేదమ్మాయ్. మీ పుట్టింటి వాళ్లు నీకు గడియ పెట్టడమే నేర్పారా అని జనం అడుగుతుంటే నాకే తలవంపుగా ఉంది."

"అది వాడి వంతు అత్తా. మెర్సీ చెప్పింది."

"మెర్సీ సైకిలెక్కి పోతుంది. పక్కనుండేది మేము." అత్త లేచి నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డ దులుపుకొంది. "నీ ఇష్టం."

ఆ తర్వాత ఆ ముంగిట్లో నిలబడి "ఓడీ!" అని పిలిచినవాళ్లు లేరు. ఎవరింటికి వెళ్లినా ఆ పిలుపు పిలవాలి, లోపలి నుంచి "ఓడినీ!" అని బదులొస్తేనే అడుగుపెట్టాలి. పిలుపు లేని ఇంట్లో బదులుకు పని లేదు. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే నీళ్లు వచ్చేవి, మాటలు ఆగేవి.

వానలు వెళ్లాయి. యాంఖో విరేచనాలు కట్టాయి. జుట్టు నల్లబడింది, మాటలు వచ్చాయి, పరుగు వచ్చింది. కొలత బల్ల మీద మడమ పాత గీత దాటినప్పుడు మెర్సీ చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చే దారిలో ఆ కబురు చెప్పుకోవడానికి ఎస్నాతికి మనిషి దొరకలేదు. మొక్కజొన్న చేను గట్టున ఆగి, గాలికి ఊగే ఆకులతో చెప్పింది: "పెరిగాడు."

ఆ చేలోనే, సాళ్ల మధ్య, పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలసంద గింజలు వానల మొదట్లోనే నాటింది. అందరికీ చాలేంత పండితే తలుపు తెరవవచ్చు. ఆ ఆశతోనే కలుపు తీసింది. కాయలు ఎండాయి. కోసింది, వలిచింది, వేయించింది. రెండు రోకళ్లు వంతులు వేసుకొని దంచాల్సిన రోట్లో ఒక్క రోకలే పడింది, లేచింది. రెండో దెబ్బ పడాల్సిన చోట ప్రతిసారీ కొంచెం మౌనం.

ఆ ఉదయం ముంగిట్లో పెద్ద కుండ ఎక్కించింది. చాప పరిచింది. తలుపు బార్లా తీసింది.

"తమందా! పిల్లల్ని పంపు. ఇవాళ అందరికీ ఉంది."

"మందేమైనా కలిపావా వదినా?" మిరప మడి అవతల నుంచి ప్రశ్న వచ్చింది.

"మా చేలో అలసందలు. అనుమానమైతే నువ్వే ముందు తిను. పొట్ట పగిలేలా తిను."

తమందా వచ్చింది. వేలు ముంచి నాకింది. పిల్లల కోసం వెనక్కి చూసి చెయ్యి ఊపింది. క్షణంలో చాప నిండింది. నబండా కూడా కర్ర ఆనించి కూర్చుంది. "ఉప్పు తక్కువైందమ్మాయ్," అంది. ఆ వంక పెట్టడమే ఎస్నాతికి పండగలా ఉంది.

పళ్లెం వైపు చేతులు చాస్తున్న పిల్లలను యాంఖో కళ్లు పెద్దవి చేసి చూశాడు. తన గిన్నె గుండెకు హత్తుకున్నాడు. లేచి లోపలికి పోయి, రెండు చేతులతో తలుపు నెట్టాడు. కీలు మూలిగింది.

"చూడు, ఎంత బాగా నేర్పావో!" తమందా పకపకా నవ్వింది.

ఎస్నాతి తన గుమ్మం ముందు తానే నిలబడింది. నెట్టబోయి ఆగింది.

"ఓడీ," అంది.

లోపల చెంచా చప్పుడు.

"ఓడీ, నాన్నా."

చెంచా ఆగింది. వాడికి మాటలు వచ్చిన నాటి నుంచి ఆ గుమ్మంలో ఎవరూ అలా పిలవలేదు. ఏమనాలో వాడికి తెలియదు.

చాప మీది పిల్లలు, నోటి నిండా జావతో, వాడి బదులు తామే అరిచారు: "ఓడినీ!"

ఆ మాట లోపలి నుంచి రావాలి. ఎస్నాతి చెక్కకు చెవి ఆనించి, నిలబడింది.