స్పర్శ తెలియని పాదాలు

బెంగళూరు కబ్బన్‌పేటలో పట్టు మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన శ్రీనివాసప్పకు 2004లో రక్త క్యాన్సర్ వచ్చింది. తమ్ముడు ఆవులప్ప ఎముక మూలుగ సరిపోయింది. మూలుగ మార్పిడి చేశారు. ఆరు వారాలు ఆస్పత్రి అద్దాల గదిలో ఒక్కడే ఉండి బయటికొచ్చేసరికి జబ్బు పోయింది. వీధంతా వచ్చి చూసి సంతోషపడింది.

నెల తిరగక ముందే అరికాళ్లు మొద్దుబారాయి. నేల మీద నడుస్తున్నా దూది మీద నడిచినట్టుండేది. వేళ్ల కొసల్లో తిమ్మిరి. ఆరు నెలలకు మగ్గం దగ్గర కూర్చుంటే, తెగిన పట్టుపోగు చేతికి అందిందో లేదో కళ్లతో చూసుకోవాల్సి వచ్చింది.

ఒకసారి భార్య పార్వతమ్మతో, "కాళ్లు ఎట్లో ఉండాయి" అన్నాడు.

"బతికొచ్చినావు గదా, అది చాల్దా?" అంది ఆమె బియ్యం కడుగుతూ. ఏడాది పాటు కనపడిన దేవుడికల్లా మొక్కిన మనిషి. అతను లేచి మగ్గం దగ్గరికి వెళ్లాడు. తమ్ముడికి చెప్పడానికైతే అసలు నోరు రాలేదు.

ఒక మధ్యాహ్నం చిక్కపేటలో జరీ కొని ఇంటికొచ్చాడు. పార్వతమ్మ గడప వైపు చూసి నిలబడిపోయింది. మెట్ల మీద నెత్తుటి అడుగులు. ఎడమ కాలికి చెప్పు లేదు. అది ఎక్కడ జారిపోయిందో, గాజుపెంకు ఎప్పుడు దిగిందో అతనికే తెలియదు.

ఆవులప్ప పెంకు తీస్తూ, "నొప్పి లేదా అన్నా?" అని అడిగాడు.

"లేదప్పా. ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ ఇట్లే ఉండాది."

ఆవులప్ప గాయానికి గుడ్డ కట్టాడు. "నా మూలుగ మంచిది కాదేమో."

"నువ్విట్లా అనుకుంటావనే చెప్పలేదు."

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరమ్మ అతని పాదాలను సూదితో గుచ్చి చూసింది. మూలుగలో లోపం లేదనీ, మార్పిడికి ముందు ఎక్కించిన ఘాటైన మందులకు నరాలు దెబ్బతిన్నాయనీ చెప్పింది. చేతులు మెల్లగా తేరుకోవచ్చట. కాళ్ల సంగతి చెప్పలేనంది.

ఏడాదికి వేళ్లు కొంత నయమయ్యాయి. అయినా సన్నపోగులు తమ్ముడే ముడివేసేవాడు. పాదాలు మాత్రం అట్లాగే ఉండిపోయాయి. రోజూ స్నానమయ్యాక శ్రీనివాసప్ప కిటికీ దగ్గర కూర్చుని, దెబ్బలేమైనా తగిలాయేమోనని అరికాళ్లు తిప్పి చూసుకునేవాడు.

ఒకరోజు పార్వతమ్మ పక్కన కూర్చుని అతని పాదం మీద చెయ్యి వేసింది.

"తెలుస్తా ఉండాదా?"

"లేదు."

ఆమె కాసేపు చేతిని అక్కడే ఉంచి, లేచి వంటింట్లోకి వెళ్లింది. అతను రెండో కాలు ఒళ్లోకి తీసుకున్నాడు.