కాళ్ళ దగ్గరి సంచి

కోడలు ఆ పొద్దున కెమెరాని తువ్వాల్లో చుట్టింది. చుట్టినదాన్ని పాత స్వెట్టర్లో పెట్టి మడిచింది. ఆ మూటని గోధుమరంగు గుడ్డసంచిలో దూర్చి, పైన నిన్నటి పేపరు పరిచి, దాని మీద నీళ్ళసీసా పడుకోబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. అచ్చం కూరలకి వెళ్ళే సంచిలాగే ఉంది. ఆ సంచులు ఒక బట్టల షాపువాళ్ళు కొన్నవాళ్ళకీ కొననివాళ్ళకీ ఏడాది పొడుగునా ఊరికే పంచిపెట్టినవి. ఊళ్ళో ప్రతి మూడో మనిషి చేతిలోనూ అదే సంచి. అందుకే కోడలు దాన్ని ఏరికోరి ఎంచుకుంది.

ఆమెది ఫొటోలు తీసే పని. స్కూళ్ళలో గ్రూపు ఫొటోలు, కంపెనీల్లో మిషన్ల ఫొటోలు, ఎవరు పిలిస్తే వాళ్ళవి. మూడేళ్ళ క్రితం సంతలో ఎవడో వెనకనుంచి బెల్టు కోసి, ఉన్న ఒక్క కెమెరా ఎత్తుకుపోయాడు. మెడలో బెల్టు ముక్క మిగిలింది, కెమెరా లేదు. ఏడాదిన్నర పాటు చేతిలో పనిలేక, పక్కింటి పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ బతికింది. మళ్ళీ కొన్నది ఇది. ఇదీ పోతే మరోటి కొనే ఓపిక ఒంట్లోనూ లేదు, ఇంట్లోనూ లేదు. ఇక జన్మంతా లెక్కలే.

దొంగలు సరే, దొంగలు కానివాళ్ళ మాటేమిటి? కెమెరా బయటికి కనపడితే చాలు, ముక్కూమొహం తెలియని ప్రతివాడికీ హక్కు పుట్టుకొస్తుంది. "ఎంతండీ ఇది?" అని ఒకడు. "ఏ చానెలండీ?" అని ఇంకొకడు. "దీంట్లోంచి చూస్తే చంద్రుడి మీద గుంటలు కనిపిస్తాయటగా?" అని మరొకడు. "మా బావమరిదికీ ఉంది, ఇంతకన్నా పెద్దది" అనేవాడు ఎక్కడికెళ్ళినా ఒకడుంటాడు. వాళ్ళందరికీ కోడలు దగ్గర ఒకటే జవాబు. "నాది కాదండీ, ఆఫీసుది. పాతది. పెద్ద ఖరీదేం కాదు." ఈ మూడు ముక్కలూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఆఫీసూ లేదు, పాడూ లేదు.

ఇంకా కొన్ని నియమాలు పెట్టుకుంది. కంపెనీ పేరు మీద నల్ల టేపు అంటించడం ఒకటి. బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకోకూడదు, పెట్టుకుంటే లోపల ఏదో ఉందని చాటింపు వేసినట్టే. కాళ్ళ దగ్గర పెట్టాలి, మడమ ఆనించి ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యం, దానివంక చూడకూడదు. మనం చూస్తే వాడూ చూస్తాడు.

అన్నీ బాగానే ఉన్నాయి. ఆ రోజు అత్తగారు కూడా వస్తానంది, అదొక్కటే బాగాలేదు.

అత్తగారికి కంటి డాక్టరు దగ్గర పదకొండున్నరకి పని. కోడలికి అదే దారిలో, కంటి ఆసుపత్రికి ఒక స్టాపు ముందున్న స్కూల్లో పదకొండింటికి గ్రూపు ఫొటో. రెండువందల మంది పిల్లలు, ఎండలో మెట్ల మీద నిలబెట్టాలి. పెద్ద టీచరమ్మ ఫోనులోనే గడియారం మీద ఒట్టేసి చెప్పింది, పదకొండంటే పదకొండే అని. తప్పనిసరై ఇద్దరూ కలిసి బయల్దేరారు.

అత్తగారికి వీధిలో 'రేడియో' అని పేరు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో మాత్రం కోడలి పని గురించి మంచిమాట ఒక్కటీ ఆ రేడియోలో వినపడిన పాపాన పోలేదు. కెమెరాని 'ఆ డబ్బా' అంటుంది. "ఆ డబ్బా పక్కన పెట్టి అన్నం తిను", "ఆ డబ్బాకి పెట్టిన డబ్బుతో ఇంటికి రంగులు వేయించుకోవచ్చు." అంతే.

"అత్తయ్యా, బస్సులో దీని గురించి ఎత్తకండి. మీకు పుణ్యముంటుంది" అంది కోడలు గుమ్మంలోనే.

"నాకేం పనమ్మా, నీ డబ్బా గురించి నేనెందుకు మాట్లాడతాను" అంది అత్తగారు.

బస్సెక్కి నాలుగు నిమిషాలు కాలేదు. కిటికీ పక్క సీట్లో కూర్చున్న అత్తగారు ముందు సీటావిడ భుజం తట్టింది.

"ఎక్కడిదాకామ్మా? మేమా, నేను కంటి డాక్టరు దగ్గరికి. ఇది మా కోడలు. ఫొటోలు తీస్తుంది. అల్లాటప్పా ఫొటోలు కావు."

కోడలు మోచేత్తో పొడిచింది. రేడియోకి ఆపే మీట ఎక్కడుందో కట్టుకున్న మామగారికే తెలియలేదు, ఈమెకేం తెలుస్తుంది?

"ఎందుకు పొడుస్తావ్? ఉన్నమాటేగా. పెళ్ళిలో మూతి ముడుచుకుని కూర్చున్న మా ఆడపడుచు మా కోడలి ఫొటోలో నవ్విందమ్మా! నలభై ఏళ్ళలో ఆవిడ పళ్ళు చూడటం అదే నాకు. కెమెరా కూడా అలాంటిది మరి. నాలుగు లక్షలు!"

కోడలు కొన్నది అందులో సగానికి. ముందు సీటావిడ వెనక్కి తిరిగింది. ఆవిడ ముందున్నాయన తిరిగాడు. కండక్టరు టిక్కెట్లు చింపడం ఆపి "నాలుగు లక్షలే! ఎక్కడుంది, చూపించండమ్మా" అన్నాడు.

"నాది కాదండీ, ఆఫీసుది. పాతది..." అని కోడలు మొదలుపెట్టింది.

"ఏ ఆఫీసు? నువ్వెప్పుడు వెళ్ళావు ఆఫీసుకి?" అంది అత్తగారు. "ఇదిగో, ఆ సంచిలో ఉంది. భయమండీ పాపం, ఒకసారి పోగొట్టుకుంది."

బస్సంతా కోడలి కాళ్ళవంక చూసింది. కోడలు మాత్రం చూడలేదు. ఏం జరిగినా చూడకూడదు కదా, కిటికీలోంచి బయటికి చూస్తూ, మడమతో సంచిని తడిమి, ఉందని తెలుసుకుని, ఒక నిమిషానికి మళ్ళీ తడిమింది. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. తరవాతి స్టాపులో జనం తోసుకుంటూ ఎక్కారు. ఎవరిదో పిల్ల ఆమె కాళ్ళ మధ్యలోంచి దూరి అవతలికి పోయింది. కోడలు కాళ్ళు ముడిచి, మళ్ళీ చాపి, మడమతో వెతికింది. గట్టిగా, బరువుగా తగిలింది. హమ్మయ్య అనుకుంది.

అప్పుడు కనిపించాడు ఆ మనిషి. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు పెట్టుకుని, పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అందరూ ఒకసారి చూసి ఊరుకున్నారు, ఇతను ఊరుకోలేదు. కోడలి మొహంవంక చూస్తాడు, కాళ్ళ దగ్గరికి చూస్తాడు, మళ్ళీ మొహంవంక చూస్తాడు. ఆమె మడమ కదిలినప్పుడల్లా అతని దవడ బిగుసుకుంటోంది. బస్సు కుదిపినప్పుడు ఒకసారి చెయ్యి కిందికి చాపాడు కూడా, ఆమె చూడగానే వెనక్కి తీసుకున్నాడు.

'అయిపోయింది. వీడే' అనుకుంది కోడలు. స్కూలుకి ఇంకా రెండు స్టాపులున్నాయి. స్కూలు దగ్గర దిగితే వెనకాలే దిగుతాడు. ఇక్కడే, వాడు అనుకోనిచోట దిగిపోతే? బస్సు ఆగింది. కండక్టరు "రైట్" అనబోతుండగా కోడలు ఒక చేత్తో సంచి, ఒక చేత్తో అత్తగారి జబ్బ పట్టుకుని, జనాన్ని చీల్చుకుంటూ దూకినంత పని చేసింది.

"అమ్మాయ్! మన స్టాపు కాదే ఇది! పిచ్చిగానీ పట్టిందా?" అంటూనే ఉంది అత్తగారు. బస్సు వెళ్ళిపోయింది.

కోడలు ఆగలేదు. మూసి ఉన్న ఒక షాపు మెట్ల దాకా నడిచి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, అప్పుడు, ఇంట్లోంచి బయల్దేరాక మొదటిసారి, సంచివంక చూసింది.

పైన పేపరుంది. నీళ్ళసీసా లేదు.

పేపరు తీసింది. కింద స్వెట్టర్ లేదు. చెయ్యి లోపలికి పెడితే చల్లగా గరుగ్గా ఏదో తగిలింది. పైకి తీసింది. తెల్లటి సున్నపు అచ్చు మీద బిగించిన కట్టుడుపళ్ళు, ముప్ఫైరెండూ బయటపెట్టి ఆమెవంక చూసి నవ్వుతున్నాయి. సంచి నిండా అవే. ఒక్కొక్కటీ దూది మధ్య పొదిగి, మీద పేర్లు రాసిన చీటీలతో, వరసగా.

"ఇవెక్కడివే? డబ్బా ఏదీ?" అంది అత్తగారు.

కోడలికి ఏం జరిగిందో ఒక్కసారిగా తెలిసిపోయింది. అదే సంచి, అదే రంగు, అంతే బరువు. ఊరందరి చేతుల్లో ఉండే సంచి కావాలని తనే కదా ఏరుకుంది! చూడకూడదు, చూడకూడదు అని చూడకుండా, ఎవరిదో సంచి ఎత్తుకుని, తన కెమెరాని బస్సు నిండా ఉన్న జనానికి వదిలేసి వచ్చింది. అదీ నాలుగు లక్షలని తెలిసిన జనానికి. బస్సు వెళ్ళినవైపు పరుగెత్తింది. మలుపు దాకా వెళ్ళింది. బస్సు లేదు, దాని పొగ కూడా లేదు. పళ్ళసంచి రొమ్ముకి హత్తుకుని రోడ్డు పక్కన నిలబడి, పెద్దదాన్నని కూడా చూసుకోకుండా బావురుమంది.

అత్తగారు ఆయాసపడుతూ వచ్చి పక్కన నిలబడింది. మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకుండా ఉండటం కోడలు కాపురానికొచ్చాక చూడలేదు. కొంగుతో కోడలి మొహం తుడిచి, "నా నోరు పడిపోనూ" అంది.

అప్పుడు మలుపు అవతలనుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు కళ్ళజోడు మనిషి. చేతుల్లో గోధుమరంగు సంచి. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, వంకరగా, జాగ్రత్తగా పరుగెత్తుతున్నాడు.

"అమ్మా! ఆ సంచి ఊపకండి! దణ్ణం పెడతాను, విరిగిపోతాయ్!" అని దూరం నుంచే అరిచాడు.

సంచులు చేతులు మారాయి. కోడలు అక్కడే చతికిలబడి సీసా తీసి పారేసి, స్వెట్టర్ విప్పి, తువ్వాలు విప్పి, మీట నొక్కింది. పచ్చదీపం వెలిగింది. పక్కనే అతనూ గొంతుక్కూర్చుని ఒక్కొక్క చీటీ చదువుతూ పళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. పదహారు. ఒక్కటీ విరగలేదు. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"నా సంచివంక అంతలా ఎందుకు చూశారు మీరు? చచ్చేంత భయపడ్డాను" అంది కోడలు.

"మీ సంచివంక ఎవరు చూశారమ్మా? పక్కన పెట్టుకున్న నా సంచివంక చూశాను. మీరు నిమిషానికోసారి దాన్ని మడమతో తంతున్నారు! తన్నకండీ అని చెబుదామంటే, లోపలేముందని అడుగుతారు. పళ్ళని చెబితే బస్సంతా నవ్వుతారు. ప్రతిసారీ అంతే. ఒకాయనైతే ఒక సెట్టు తీసి తన నోటికి పెట్టుకుని చూశాడు. అందుకని నోరు మూసుకుని, ఎప్పుడు పుటుక్కుమంటుందోనని చస్తూ నిలబడ్డాను. మీరేమో సంచితో సహా దిగిపోయారు."

"మరి బస్సు ఎలా ఆగింది?"

అతను తలొంచుకున్నాడు. "దొంగ, దొంగ అని అరిచానమ్మా. మిమ్మల్నే. ఏమీ అనుకోకండి. బస్సంతా నామీద విరుచుకుపడింది. నాలుగు లక్షల కెమెరా వదిలేసి నీ సంచి ఎత్తుకెళ్ళే దొంగ ఎవరయ్యా, పాపం ఆ అమ్మాయి పొరపాటున దిగిపోయింది, బస్సాపండి అని గోల. మీ సంచి దగ్గరికి ఎవ్వరినీ రానివ్వలేదు. ముందు సీటావిడైతే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకిచ్చేముందు కండక్టరు నా ఫోను నంబరు రాసుకున్నాడు, నా ఫొటో తీసుకున్నాడు."

అత్తగారు గొంతు సవరించుకుంది. పొద్దుట్నుంచీ తను చేసిన నేరం ఇంత పనికొచ్చిందని ఆవిడకి ఇప్పుడే అర్థమైంది. కోడలు ఆవిడవంక చూసింది. ఆడపడుచు నవ్విన ఫొటో ఆవిడకి అంత గుర్తుండిపోయిందని కూడా తనకి తెలియదు. ఇంట్లో ఒక్కసారైనా అని ఉంటే ఏం పోయేదో, మహాతల్లి.

"పదహారు సెట్లూ మీరే చేశారా?" అంది కోడలు. చిగుళ్ళ రంగు ఎంత సహజంగా ఉందో, ఒకదాని ముందుపళ్ళ మధ్య కావాలని సన్నటి సందు కూడా వదిలాడు. ఎవరో పెద్దావిడ పాత నవ్వు అయ్యుంటుంది. "ఎంతండీ ఒక్కోటి?"

మాట నోరుజారాక గానీ తెలియలేదు తను ఏమడిగిందో.

కళ్ళజోడు మనిషి సంచిని రొమ్ముకి దగ్గరగా లాక్కున్నాడు. "నావి కావండీ, డాక్టరుగారివి" అన్నాడు గబగబా. "పాతవి. పెద్ద ఖరీదేం కాదు."

"పాత పళ్ళు ఎవరు పెట్టుకుంటారయ్యా?" అంది అత్తగారు.

కోడలికి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఏడుపు తడి ఇంకా ఆరని మొహంతోనే పొట్ట పట్టుకుని నవ్వింది. అతను ముందు బిక్కమొహం వేసి, ఆ తరవాత మెల్లిగా, తన సొంత పళ్ళు కనపడేలా నవ్వాడు.

తరవాతి బస్సు ఆరు నిమిషాల్లో వచ్చింది. పదకొండుకి ఇంకా పావుగంటుంది. ముగ్గురూ వెనక సీట్లో కూర్చున్నారు. ఇద్దరి సంచులూ ఒళ్ళోనే ఉన్నాయి. అత్తగారు కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. చేతులు నలుపుకుంది. పెదాలు బిగించింది. ఆవిడ పడుతున్న బాధ చూడలేక కోడలే మోచేత్తో పొడిచింది.

"చెప్పండి అత్తయ్యా."

"ఏం చెప్పను?"

"మీ ఇష్టం. ఖరీదు మాత్రం ఈసారి సగం చెప్పండి."

అత్తగారు ముందు సీటాయన భుజం తట్టింది. "ఎక్కడిదాకా బాబూ? ఇది మా కోడలు..." కళ్ళజోడు మనిషి భయంగా కోడలివంక చూశాడు. ఆ తరవాత తనంతట తనే సంచి మీద పేపరు కొంచెం పక్కకి జరిపి, "ఇందులో పళ్ళున్నాయండీ, కాస్త చెయ్యి తగలకుండా" అన్నాడు. ముందు సీటాయన నవ్వాడు. నవ్వి, తన మోకాలు పక్కకి జరుపుకున్నాడు.

స్కూలు స్టాపు వచ్చింది. కోడలు లేచి, దిగబోయేముందు ఆగి, సంచి నోరు తెరిచి లోపలికి చూసుకుంది. అందరూ చూస్తుండగానే చూసుకుంది. కిందికి దిగి నాలుగడుగులు వేసిందో లేదో, వెనకనుంచి కిటికీలన్నిట్లోంచీ కేకలు వినపడ్డాయి.

"అమ్మాయ్, కెమెరా తీసుకున్నావా?"

కోడలు వెనక్కి తిరిగింది. నడిరోడ్డు మీద, వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడేలా, సంచిని తలకన్నా ఎత్తుగా పట్టుకుని చూపించింది.

"తీసుకున్నానండీ!" అని అరిచింది.