పోలరాజు తీసుకెళ్ళని బిళ్ళ

నేను ఒక ఇత్తడి బిళ్ళను. రూపాయి కాసు కంటే కాస్త పెద్దదాన్ని. నెత్తిన చిల్లు, నుదుట ఇరవై ఏడు అంకె. అంతకు ముందు విశాఖపట్నంలో ఎవరి ఇంట్లోనో గంగాళాన్నట. యుద్ధం వచ్చిందని నన్ను కోసి, అరగదీసి, ఒక జలాంతర్గామి కొలువులో పెట్టారు. పెళ్ళివారికి నీళ్ళు కాచుకునేదాన్ని, ఉన్నట్టుండి దేశసేవకురాలినైపోయాను!

మేం నలభై ఒక్కరం. రేవుగట్టున ఒక చెక్కపలక, దానికి కొక్కేలు, కొక్కేనికొక బిళ్ళ. జలాంతర్గామి ఎక్కేవాడు తన బిళ్ళ తీసి జేబులో వేసుకోవాలి, దిగాక తెచ్చి తగిలించాలి. అది బయల్దేరాక పలక మీద ఎవరి బిళ్ళ మిగిలితే వాడు గట్టునే ఉండిపోయినట్టు. మనిషి అబద్ధమాడతాడు గానీ ఇత్తడి ఆడదని అధికారుల నమ్మకం. పిచ్చి మారాజులు.

నా మనిషి మైలపల్లి పోలరాజు. భీమిలి జాలరి, జలాంతర్గామిలో వంటవాడు. అతని జేబంటే నాకు ప్రాణం. ఎప్పుడూ జీలకర్ర వాసన వేసేది. సముద్రం అడుగున నలభై మందికీ ఊపిరాడక ఉక్కిరిబిక్కిరవుతుంటే, ఇతగాడు పులుసు కలుపుతూ, "అసిరీ, ఈ పాలి ఉప్పు కుదిరిందే!" అని ఇంటిదగ్గరున్న పెళ్ళాంతో కబుర్లాడేవాడు. ఆ మాటలు వినడానికి నేనొక్కదాన్నే ఉండేదాన్ని.

ఆఖరి ప్రయాణం నాడు రెండు చేతులా కోడిగుడ్ల అట్టలు పట్టుకుని, పై అట్టను గడ్డంతో అదిమిపెట్టి వచ్చాడు. గట్టు మీద కాపలా ఉన్నది అతని స్నేహితుడు తవిటినాయుడు.

"తవిటీ, నా బిళ్ళ అందుకోరా. చేతులు కాళీ లేవు. గుడ్లు పగిలితే కెప్టెన్ నా బుర్ర పగలగొడతాడు."

"నువ్వు లోపలికి దిగన్నా, నాను అట్టుకొస్తాను."

పోలరాజు జలాంతర్గామిలోకి దిగాడు. అంతలోనే తాళ్ళు విప్పమని కేక. తవిటినాయుడు తాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు, నా సంగతి మరిచాడు. కళ్ళముందే జలాంతర్గామి రేవు దాటిపోయింది. నా మనిషి లోపలున్నాడు మొర్రో అని అరుద్దామంటే నాకు నోరేదీ?

అది మరి తిరిగి రాలేదు. నలభై పేర్లు రాతి మీద చెక్కారు. పలక మీద నేను వేలాడుతున్నాను కదా, అందుకని పోలరాజు ఎక్కలేదన్నారు. ఎక్కనివాడు ఇంటికీ రాలేదు కనక పారిపోయాడన్నారు. విచారణలో తవిటినాయుడిని నిలదీశారు. బిళ్ళ లేకుండా మనిషిని ఎక్కించానంటే జైలే. "నాను సూడలేదు సార్" అన్నాడు. అతనొకసారి చెప్పిన అబద్ధాన్ని నేను నలభై ఏళ్ళు చెబుతూ వచ్చాను.

పలక తుక్కులోకి పోయింది. నన్ను మాత్రం రామేశంగారనే పళ్ళ డాక్టరు ఏరుకొచ్చారు. ఆయనకు జలాంతర్గాముల సామాను పోగెయ్యడం వెర్రి. లోతు చూపే గడియారం, పెరిస్కోపు అద్దం, సొట్టపడిన టీ గ్లాసు, అన్నిటినీ అద్దాల బీరువాలో పెట్టారు. నా కింద చీటీ: 'యుద్ధానికి జడిసి పారిపోయిన నావికుడి బిళ్ళ.' పంటినొప్పితో వచ్చినవాళ్ళంతా బుగ్గ పట్టుకుని మరీ నా దగ్గరే ఆగేవారు. వీరుల సామాను వాళ్ళకు పట్టలేదు. పిరికివాడి బిళ్ళంటే మాత్రం ఎంత ముచ్చటో! పోలరాజు జేబులో ఉండి అతనితోపాటే మునిగిపోయినా బాగుండేదని ఏడవని రోజు లేదు.

ఒక ఉదయం ఓ ముసలాయన కట్టుడు పళ్ళకు కొలతిద్దామని వచ్చాడు. నోటినిండా మైనం పెట్టించుకుని కుర్చీలో వాలి, ఇటు చూశాడు. కళ్ళ నీళ్ళు ధారలు కట్టాయి.

"కొలతకే అంత నొప్పేమిటి నాయుడుగారూ!" అన్నారు డాక్టరు.

మైనం తీశాక తవిటినాయుడు బోసినోటితో జరిగిందంతా చెప్పాడు. డాక్టరుగారు మంచివాడే. బీరువా తెరిచి నన్ను అతని చేతిలో పెట్టి, తన కారులోనే భీమిలి తీసుకెళ్ళారు.

పోలరాజు పెళ్ళాం అసిరమ్మ చేపల బజారులో ఎండు నెత్తళ్ళు అమ్ముతోంది. జుట్టంతా నెరిసింది గానీ నుదుట కాసంత బొట్టు, చేతులనిండా ఎర్రగాజులు. మొగుడు పోయాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు మరి. తవిటినాయుడు ఆమె కాళ్ళమీద పడి, "ఒదినా, అన్న పారిపోలేదు. ఎక్కినాడు. నానే ఎక్కించినాను" అన్నాడు.

బజారంతా మూగింది. "పోలరాజు పారిపోలేదంటర్రా!" అని ఎవరో సంబరంగా అరిచారు.

"పారిపోయినోడి పెళ్ళామంటే పడ్డాను బాబూ" అంది అసిరమ్మ. "పేరంటాలకి పిలవకపోతే పడ్డాను. పారిపోతే బతికుంటాడు కదా అని పడ్డాను. ఏ ఊళ్ళోనో ఇంకోదాన్ని కట్టుకున్నా సరే, ఇంత కూడు తింటన్నాడు కదా అనుకున్నాను. ఈయేళ నువ్వొచ్చి మరేద ఇచ్చీసి మనిసిని అట్టుకెలిపోతన్నావు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. నిజం తెలిస్తే ఆమె బరువు దిగుతుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఎంతైనా నాది ఇత్తడి బుర్ర.

డాక్టరుగారు మెల్లగా, "అర్జీ పెడదామమ్మా. అతని పేరూ రాతి మీద చెక్కుతారు" అన్నారు.

"ఎన్నాళ్ళు పడతాది?"

"ఒకటి రెండు నెలలు."

"పేరు సెక్కిన్నాడే తీస్తాను. అందాకా ఈ గాజులుండనీండి" అంది అసిరమ్మ.

నన్ను రొంటిన దోపుకుని మళ్ళీ బేరంలో పడింది. అప్పట్నుంచీ అక్కడే ఉన్నాను. రెండు నెలలూ దాటాయి, రాయి చెక్కే మనిషి ఇంకా రాలేదు. నిజం కోసం నలభై ఏళ్ళు కొట్టుకులాడినదాన్ని, అతను రాకుండా ఉంటే బాగుండునని ఇప్పుడు రోజూ కోరుకుంటున్నాను.