గాజు వెనక సిరా గుర్తు

నేను ఒక గాజు పలకను. ఒక వైపు రసాయనం పూసి, టెలిస్కోపులో బిగించి, ఆకాశాన్ని ఫొటో తీసే పలకను. హైదరాబాదు పొలిమేరలో గుట్ట మీదున్న ఒక వేధశాలలో, 1962 ఫిబ్రవరిలో, నన్ను నలభై నిమిషాలు ఆకాశానికి చూపించి కడిగారు. నా మీద ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా ఉంటాయి. తలకిందులుగా చూడటం మనుషులకు అలవాటే కాబట్టి ఎవరూ ఇబ్బంది పడలేదు.

మర్నాడు నన్ను మాణిక్యాంబ బల్ల మీద పెట్టారు. భూతద్దంతో చుక్కలు కొలవడం ఆవిడ ఉద్యోగం. వేల చుక్కల్లో, పాత పలకల్లో లేని ఒక్కదాన్ని ఇట్టే పట్టేసింది! నా వెనక వైపు ఎర్ర సిరాతో చిన్న సున్నా చుట్టి, పక్కన తేదీ, తన పొడి అక్షరాలు రాసింది. ఆ పూట నా ఆనందం చెప్పనలవి కాదు.

పెద్దాఫీసరు నరహరి గారు కళ్ళజోడు పైకి నెట్టి చూశారు. "కొత్త నక్షత్రమా? రసాయనంలో మచ్చమ్మా అది. రిజిస్టరులో ఎక్కించకు."

"మచ్చయితే ఇంత గుండ్రంగా ఉండదండీ."

"నువ్వు కొలువు, చాలు. కనిపెట్టడానికి మేమున్నాంగా."

ఒళ్ళు మండిపోయింది. మచ్చో, చుక్కో నన్నడగరేం? మోసిందాన్ని నేను! పై నెల తీసిన పలకలో ఆ చుక్క లేకపోయేసరికి ఆయన మాటే నిలబడింది. నన్ను కవరులో పెట్టి బీరువాలో పడేశారు. ఆవిడ రిటైరైంది.

నిరుడు ఆ నక్షత్రం మళ్ళీ భగ్గుమంది. ఇదివరకెప్పుడైనా మండిందా అని పాత పలకలు వెతకమన్నారు. స్కాన్ చేసే ముందు వెనక వైపు రాతలు ఫొటో తీసి, ఆ తర్వాతే తుడవాలని నిబంధన. కెమెరా రిపేరులో ఉంది, గడువు నెత్తి మీద ఉంది. హిమజ అనే పరిశోధకురాలు దూదికి స్పిరిట్ అద్దింది. అయ్యో తల్లీ, ఆగవే! నోరు లేని బతుకు, ఏం చేస్తాను? ఒక్క రుద్దుతో పోయింది.

వారానికి పేపర్లో వచ్చింది: అరవై ఏళ్ళ కిందటి పలకలో ఎవరి కంటా పడని ఆ నక్షత్రాన్ని కంప్యూటరు పట్టిందట! ఎవరి కంటా పడలేదట!

ఆ పేపరు పట్టుకుని మాణిక్యాంబ వచ్చింది. ఎనభై అయిదేళ్ళ మనిషి, ఆటో దిగి మెట్లన్నీ ఎక్కి. "నేను గుర్తు పెట్టానమ్మా, వెనక వైపు ఉంటుంది చూడు."

హిమజ నన్ను తెచ్చి ఇచ్చింది. "గుర్తులన్నీ తుడిచేశాం మేడమ్."

ఆవిడ నన్ను కిటికీ వెలుగుకు ఎత్తి, భూతద్దం అడిగి, కాసేపు వెతికి ఒక చోట వేలు పెట్టింది. "ఇదేగా?"

హిమజ కంప్యూటరులో సరిచూసి గతుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబగబా ఎర్ర పెన్ను తెచ్చింది. "క్షమించండి మేడమ్. మళ్ళీ గీయండి, అదే తేదీ వేయండి. నేను సాక్ష్యం చెబుతాను."

వేయి తల్లీ, వేయి, అని నేను లోలోపల గింజుకున్నాను.

"ఇవాళ గీస్తే ఇవాళ్టి తేదీయే వేయాలమ్మా," అంది మాణిక్యాంబ. మూత పెట్టి పెన్ను తిరిగి ఇచ్చేసింది.